సికింద్రాబాద్ నుంచి రాయదుర్గం: ఎమ్ఎమ్‌టీఎస్‌నా, మెట్రోనా?

ప్రశ్న: సోమవారం పొద్దున సికింద్రాబాద్‌లో రైలు దిగి, 10 గంటలకల్లా రాయదుర్గంలో ఉండాలి. ఎమ్ఎమ్‌టీఎస్ లోకల్ రైల్లో హైటెక్ సిటీ దిగితే దగ్గరేనా అండీ?

జవాబు: పేరు చూసి మోసపోకండి. ఎమ్ఎమ్‌టీఎస్ హైటెక్ సిటీ స్టేషన్ వేరు, మెట్రో హైటెక్ సిటీ వేరు. మొదటిదాని దగ్గర దిగితే మళ్లీ ఆటో తప్పదు. నేరుగా మెట్రో బ్లూ లైన్ ఎక్కండి, రాయదుర్గమే చివరి స్టేషన్. సికింద్రాబాద్‌లో రైలు దిగాక బయట సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్‌కి నడవండి. వెస్ట్‌కి వెళ్లారంటే అది గ్రీన్ లైన్, పరేడ్ గ్రౌండ్‌లో మారాలి.

జవాబు: అమీర్‌పేటలో జనం తోసుకుంటూ దిగుతారు, మీరు దిగక్కర్లేదు. అక్కడ మారేది మియాపూర్, ఎల్బీ నగర్ వైపు వాళ్లే. వాళ్లూ గేటు దాటకూడదు, దాటితే టికెట్ అయిపోయినట్టే.

జవాబు: క్యూఆర్ టికెట్ ఫోన్‌లో ముందే తీసుకోండి, చార్జింగ్ చూసుకోండి. బయటికొచ్చేటప్పుడూ అదే స్కాన్ చేయాలి. పెద్ద సూట్‌కేసు ఉంటే బ్యాగుల స్కానింగ్ దగ్గర లైను ఉంటుంది, పది నిమిషాలు కలుపుకోండి. సాయంత్రం మాత్రం మీకే లాభం: బండి రాయదుర్గంలోనే మొదలవుతుంది, సీటు దొరుకుతుంది.

ప్రశ్న: అర్థమైంది, ఈస్ట్. లింగంపల్లి అయితే?

జవాబు: అప్పుడు ఎమ్ఎమ్‌టీఎసే. చవక, ఒకటే బండి. టైము మాత్రం చూసుకునే బయల్దేరండి, మెట్రోలా వెంటవెంటనే రావు.