అప్‌డేట్: ఇప్పుడు నేరుగా టెక్స్ట్ లాగిన్ వస్తోంది

గాజువాకలో మా షాపు బిల్లింగ్ ఫైళ్లు ఉండే పాత ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) మెషీన్ ఆన్ చేయగానే గ్రాఫికల్ లాగిన్‌లోకి వెళ్లకుండా ఎలా ఆపాలని అడిగాను కదా, పని అయిపోయింది. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్సండీ.

పనిచేసిన కమాండ్ ఇదే: "సుడో సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్ మల్టీ-యూజర్ డాట్ టార్గెట్". ఇది ఏ ప్యాకేజీనీ తీసెయ్యదు, డిఫాల్ట్ టార్గెట్ (ఆన్ అయ్యాక మెషీన్ ఏ స్థితిలోకి వెళ్లాలో చెప్పేది) లింకును మాత్రం మారుస్తుంది. రీబూట్ చేస్తే నల్లటి తెర మీద హోస్ట్‌నేమ్, పక్కనే "లాగిన్:" అని వచ్చింది. నెట్‌వర్క్, సాంబా షేరింగ్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే సర్వీసు) మునుపటిలాగే నడుస్తున్నాయి. డెస్క్‌టాప్ లోడ్ కాదు కాబట్టి 2 జీబీ ర్యామ్ మెషీన్‌కి ఇది పెద్ద ఊరట.

గ్రబ్‌లో (మెషీన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) "టెక్స్ట్" అని చేర్చమనే సలహా పాత ఉబుంటుల నాటిది. 15.04లో సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి నడిపే ప్రోగ్రామ్) వచ్చాక టార్గెట్టే మార్చాలి. డెస్క్‌టాప్ కావాలంటే "సుడో సిస్టమ్‌సీటీఎల్ ఐసొలేట్ గ్రాఫికల్ డాట్ టార్గెట్" కొడితే చాలు, రీబూట్ అక్కర్లేదు.