విరిగిన మానిఫోల్డ్ బోల్టు: డ్రిల్లు పట్టాలా, నట్టు వెల్డ్ చేయాలా?

ఆదివారం మెకానిక్:
ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమని శబ్దం వచ్చేది, పది నిమిషాలు నడిస్తే పోయేది. వాల్వుల శబ్దం అనుకుని రెండు నెలలు నెట్టుకొచ్చాను. నిన్న పైనున్న రేకు కవరు విప్పి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను పోగుచేసి పైపులోకి పంపే భాగం) చివరి పోర్టు చుట్టూ నల్లగా మసి. అక్కడి బోల్టుకు తలే లేదు! మిగతావి విప్పుతుంటే రెండో చివర ఉన్నది పానా కింద ఉన్నట్టుండి మెత్తబడింది. ఆ మెత్తదనం ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తల చేతిలోకి వచ్చేసింది.

మానిఫోల్డ్ బిగించే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియంది. బోల్టులు ఎం8, అంటే 8 మి.మీ. మందం. మానిఫోల్డ్ తీసేశాను. పానా కింద విరిగినది హెడ్ మీద 5 మి.మీ. నిలబడి ఉంది. తనంతట తాను విరిగినది రంధ్రంలో 2 మి.మీ. లోపల ఉంది. నా దగ్గర డ్రిల్లు, ఒక ఎక్స్‌ట్రాక్టర్ల (విరిగిన బోల్టులో దూర్చి బయటికి తిప్పే చువ్వల) పెట్టె ఉన్నాయి. స్నేహితుడి దగ్గర మిగ్ (తీగను కరిగించి అతికే) వెల్డింగ్ యంత్రం ఉంది. దేనితో మొదలుపెట్టాలి? లేక హెడ్ విప్పి మెషిన్ షాపుకు ఇచ్చేయాలా?

పాత డీజిల్:
ముందు ఆ ఎక్స్‌ట్రాక్టర్ల పెట్టెను అటక మీద పెట్టండి. 8 మి.మీ. బోల్టు ఉన్న మందమంతా పెట్టినా తిరగలేక విరిగింది. దాని నడుమ రంధ్రం చేసి, అంతకంటే సన్నటి చువ్వ దూర్చి తిప్పితే ఈసారి విరిగేది ఏదో మీరే చెప్పండి. పైగా అది మేకులా పైన లావుగా, కింద సన్నగా ఉంటుంది. లోపలికి దిగేకొద్దీ ముక్కను పక్కలకు నెట్టి మరలను ఇంకా బిగిస్తుంది. అది కూడా విరిగిందా, ఇక మామూలు డ్రిల్ బిట్ దాని మీద జారుతుందే తప్ప కోయదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు.

విరిగిన ముక్క కొనకు నట్టు వెల్డ్ చేసి, దాన్ని పానాతో తిప్పండి. అక్కడ అసలు పని చేసేది నట్టు కాదు, వేడి. ముక్క కాలి ఉబ్బుతుంది, చల్లారుతూ కుంచించుకుపోతుంది, ఆ కదలికకు తుప్పు పట్టు వదులుతుంది. ఉక్కు వెల్డింగు అల్యూమినియానికి అంటుకోదు కాబట్టి హెడ్‌కు భయం లేదు.

లేతు మనిషి:
భయం లేదన్న మాట బయటికి నిలబడిన ముక్క వరకే నిజం. 2 మి.మీ. లోపల ఉన్న దాని మీద కొత్తవాడి చేయి ఒక్కసారి వణికితే మంట రంధ్రం గోడకు తగులుతుంది. మొదటి రెండు మరలు కరిగిపోతాయి.

అసలు అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు: ఒక్కో బోల్టు ఎలా విరిగింది? పోత ఇనుము మానిఫోల్డ్ అర మీటరు పొడవు ఉందనుకోండి. 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2.7 మి.మీ. సాగుతుంది. అదే పొడవున్న అల్యూమినియం హెడ్ 80 డిగ్రీలే పెరుగుతుంది కనుక 1 మి.మీ. లోపే సాగుతుంది. అంటే రెండు చివరల బోల్టులనూ చెరో మిల్లీమీటరుకు కాస్త తక్కువగా పక్కకు లాగుతూ ఉంటుంది, స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ. మధ్య బోల్టులు బతికిపోయి చివరివే తెగడానికి కారణం అదే. అలా తెగిన ముక్కను మరలో పట్టి ఉంచేది పెద్దగా ఏమీ ఉండదు. తల పోయిందంటే బిగింపు పోయినట్టే. అలాంటిది ఎడమ వైపు, అంటే బోల్టు వదులయ్యే వైపు, తిరిగే డ్రిల్ బిట్ పెడితే చాలా సార్లు బిట్‌తో పాటే తిరిగి వచ్చేస్తుంది. పానా కింద విరిగినది మాత్రం తుప్పు పట్టి మొరాయించినది. దానికి వెల్డింగే, ఆ విషయంలో పాత డీజిల్ గారితో నాకు పేచీ లేదు.

మసిగుడ్డ:
గ్యాస్ టార్చితో ఎర్రగా కాల్చి తిప్పేస్తే పోదా? నాకు పోత ఇనుము హెడ్ మీద రెండుసార్లు పని చేసింది.

లేతు మనిషి:
ఆయనది అల్యూమినియం. అది 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మిశ్రమమైతే ఇంకా ముందే. వెలుతురులో చూస్తే ఎర్రబడినట్టు కూడా కనిపించదు. ఎర్రబడేదాకా చూద్దామని నిలబడితే హెడ్ కారిపోతుంది. ఇంకో మాట, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మంటగానీ వెల్డింగుగానీ పెట్టకండి. ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

పావు చుట్టు:
ఇంత గొడవ ఎందుకు, హెడ్ విప్పి బల్ల మీద పెట్టుకుంటే డ్రిల్లు నిటారుగా పడుతుంది. ఇంజిన్ బేలో వంగి, వాలుగా చేసే రంధ్రమే సగం హెడ్‌లను పాడుచేస్తుంది.

పాత డీజిల్:
రెండు ఎం8 ముక్కల కోసం హెడ్ విప్పితే కొత్త హెడ్ గాస్కెట్, మళ్లీ టైమింగ్ సరిచేయడం, కొన్ని ఇంజిన్లలో కొత్త హెడ్ బోల్టులు కూడా! గోటితో పోయేదానికి గొడ్డలి. డ్రిల్లు దూరే చోటే లేకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఆదివారం మెకానిక్:
చెప్పినట్టే చేశాను. ఫలితం మీ ఇద్దరికీ పూర్తిగా నచ్చకపోవచ్చు.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, పోర్టుల్లో గుడ్డ కుక్కి, చుట్టుపక్కల పైపుల మీద తడి గోనె కప్పాం. మొదటి నట్టు వెల్డు దగ్గరే ఊడింది. రెండోదీ అంతే. మూడోసారి ముక్కను వైరు బ్రష్‌తో తెల్లగా మెరిసేదాకా రుద్ది, ముందు వాషర్ అంటించి, దాని మీద నట్టు పెట్టాం. ఎరుపు తగ్గేదాకా ఆగి, కొవ్వొత్తి మైనం ఆనించాను. మరల్లోకి పీల్చుకున్నట్టు జారిపోయింది. పానా వేసి ముందు వెంట్రుకవాసి బిగించాను, తర్వాత వదులు చేశాను. కీచుమంది. మళ్లీ బిగింపు, మళ్లీ వదులు. అలా పది నిమిషాలకు ముక్క బయటికి వచ్చింది, మర సందుల నిండా గోధుమరంగు పొడితో.

రెండోది రాలేదు. ఎడమ బిట్ 3 మి.మీ., తర్వాత 5 మి.మీ. వేసినా కదల్లేదు. అప్పుడు చూస్తే రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పోయింది.

లేతు మనిషి:
కదలలేదా? తెగి చాలా కాలమైంది కాబోలు, మసీ తేమా చేరి అదీ పట్టేసి ఉంటుంది. నా అంచనా తప్పింది, ఒప్పుకుంటున్నాను. మరి విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటే చదును చేశాకే సెంటర్ పంచ్ (బిట్ నిలవడానికి నడుమ గుంట చేసే మొన) కొట్టాలని చెప్పడం మరిచాను. బిట్ ఎప్పుడూ పల్లానికే జారుతుంది. ఆ రంధ్రంలో సరిగ్గా పట్టే ఉక్కు గొట్టం లేతు మీద తీయించి, దాని లోపలి నుంచి డ్రిల్ చేస్తే అటూ ఇటూ పోదు.

ఆదివారం మెకానిక్:
ఆ గొట్టమే తీయించి, రంధ్రాన్ని మళ్లీ నడుమకు తెచ్చి, 6.8 మి.మీ. వరకు పెంచాను. ఒక పక్క ముక్క చుట్టలా ఊడింది, రెండో పక్క అల్యూమినియం మర తినేసి ఉంది. చివరికి హెలికాయిల్ (పాడైన మర స్థానంలో కూర్చే తీగ చుట్టల మర) వేశాను. ఎక్స్‌ట్రాక్టర్ పెట్టె తెరవలేదు, పాత డీజిల్ గారు గమనించాలి.

పాత డీజిల్:
గమనించాను. నట్టు పెట్టి ఉంటే ఆ మర కూడా దక్కేది.

లేతు మనిషి:
గోడ కరిగి ఉండేది!

పావు చుట్టు:
ఈ పోట్లాటలో మానిఫోల్డ్‌ను ఎవరూ చూడలేదు. ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు ఆకులు) దూర్చారా? వంగి ఉంటే కొత్త బోల్టులూ మళ్లీ తెగుతాయి.

ఆదివారం మెకానిక్:
దూర్చాను. ఒక చివర 0.5 మి.మీ. ఆకు దూరింది. మెషిన్ షాపులో ముఖం చదును చేయిస్తున్నాను, అంటే ఒక భాగం అక్కడికి పోక తప్పలేదు. బోల్టులన్నీ కొత్తవే వేస్తున్నాను. మరలకు నికెల్ యాంటీసీజ్ (మర పట్టేయకుండా రాసే పూత) రాస్తే మాన్యువల్‌లోని టార్కే, అంటే బిగింపు బలమే, ఇవ్వాలా?

లేతు మనిషి:
మాన్యువల్ పొడి మరకు చెప్పి ఉంటే అంత ఇవ్వకండి. జారుడు పెరిగితే అదే టార్కుకు బోల్టు ఎక్కువ సాగుతుంది. మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించండి. ఆ హెలికాయిల్ దగ్గర చేయి కాస్త తేలిగ్గా.