అప్‌డేట్: మామయ్యకు మార్ఫిన్ దొరికింది, విరాళం సంగతీ తేలింది

క్యాన్సర్ చివరి దశలో ఉన్న మా మేనమామకు కోనసీమ లంక గ్రామంలో ఇంటివద్దే నొప్పి ఎలా తగ్గించాలో, బంధువులం పోగుచేసిన విరాళాన్ని దేనికి వాడాలో ఇదివరకు అడిగాను. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలు మార్ఫిన్ అనే బలమైన నొప్పిమందు ఇవ్వవచ్చని మీలో ఒకరు చెప్పిన మాట పట్టుకుని వెళితే, మొదటి ఆసుపత్రిలో మత్తుమందంటూ వెనక్కి పంపారు, రెండోచోట ఇచ్చారు. నాలుగు గంటలకొకసారి మాత్ర, దానితోపాటు మలబద్ధకానికి తప్పనిసరిగా మందు వేస్తున్నాం. నొప్పి తగ్గి, మూడోనాడు ఆయన పులస చేప ధరెంతని అడిగారు!

విరాళంతో ఖరీదైన మంచం కొనాలన్న నా ఆలోచన పొరపాటే. కేరళలో ఇరుగుపొరుగు చందాలతో ఇంటివద్ద సేవలు నడిపే పద్ధతి చూశాక, నర్సు రేవు దాటి వచ్చే ఖర్చుకు, గాజుగుడ్డకు, పడకపుండ్లు రాకుండా గాలిపరుపుకు కేటాయించాం. పరుపును తన తరువాత పక్కవీధి ముసలమ్మకు ఇమ్మని మామయ్య ఇప్పటికే చెప్పారు.