నీలి రామ్స్‌హార్న్: రంగు పుట్టుకతో వచ్చిందా, నీళ్లతో వచ్చిందా?

గాజుతొట్టి:
అక్వేరియంలో పెంచే నీలి రామ్స్‌హార్న్ నత్తలు తెచ్చి పెంచితే రెండు తరాలు తిరక్కుండానే గోధుమరంగు పిల్లలు కనబడతాయన్నది పాత ఫిర్యాదే. నీళ్లే కారణమని కొందరు: మంజీరా నీళ్లలో నీలంగా ఉన్నది బోరు నీళ్లలో మారిపోతుందట. అంతా జన్యువులే, నీళ్లకు పనే లేదని ఇంకొందరు. దీన్ని తేల్చే పద్ధతి ఉందా, లేక ఎవరి ట్యాంకు వాళ్లకు ముద్దేనా?

బోరునీళ్లు:
నీళ్లే. పీహెచ్ 7 కంటే దిగితే గుల్ల కరుగుతుంది, నడిమధ్య తెల్లబడుతుంది. బాదం ఆకులు వేస్తే టీ రంగు పడుతుంది. నాచు పడితే పచ్చ. ఇన్ని రంగులు మార్చే నీళ్లు ఒక్క నీలాన్ని మాత్రం ముట్టుకోవంటే నమ్మేదెలా?

బఠాణీచేను:
మూడూ నిజమే గానీ అవి గుల్ల మీద జరిగేవి. మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి: నాచు పోతుంది, మరకా చాలావరకు పోతుంది. కరిగిన చోటు గరుగ్గా తేలుతుంది. అసలు రంగు చూడాల్సింది అంచున, కొత్తగా పెరిగిన రెండు మిల్లీమీటర్లలో. గుల్ల నడుమ నత్త పుట్టిన రోజు ఉంటుంది, అంచున నిన్నటి రోజు. రంగు నీళ్లదే అయితే నీళ్లు మార్చిన నాడు గీత గీసినట్టు తెగాలి. నడుమ నుంచి అంచు దాకా ఒకటే గోధుమరంగు ఉన్న పిల్ల గురించి నీళ్లను నిందించలేం.

ఇంకోటి. చచ్చిన నీలి నత్త గుల్లను కడిగి ఆరబెట్టి చూడండి, అందులో నీలం ఉండదు. పాలిపోయిన పలచటి గుల్ల, అంతే. గుల్లలో గోధుమ వర్ణకం లేకపోవడం వల్ల లోపలి నల్లటి ఒళ్లు నీలంగా తోస్తోంది. ఎర్ర రకానిది దీనికి తలకిందులు. దాని ఒంట్లో మెలనిన్ లేదు, ఈ కుటుంబం నత్తల రక్తంలో మనకున్నట్టే హీమోగ్లోబిన్ ఉంది, ఆ ఎరుపే బయటికి కనబడుతుంది.

కొల్లేటినాచు:
లేకపోవడం అంటే అంతర్గత లక్షణమనేగా, రెండు వైపుల నుంచీ వస్తేనే కనబడేదనేగా మీ ఉద్దేశం? అలాగైతే నీలానికి నీలం కలిస్తే అన్నీ నీలమే పుట్టాలి. మరి గోధుమ పిల్లలు ఎక్కడివి? మీ లెక్క మీకే అడ్డం తిరిగింది.

బఠాణీచేను:
సరైన చోట పట్టుకున్నారు. ఎక్కువసార్లు జరిగేది ఇదీ: దుకాణం ట్యాంకులో అన్ని రంగులూ కలిసే ఉంటాయి. ఇవి ఉభయలింగులు, ఒక్కో నత్తలో ఆడా మగా రెండూ ఉంటాయి, కలిసిన జోడీ వీర్యాన్ని వారాల తరబడి దాచుకుంటాయి. మీరు తెచ్చిన నీలి నత్త గోధుమ నత్త వీర్యాన్ని మోసుకొచ్చి, మీ ఇంట్లో నీలం పక్కన గుడ్లు పెడుతుంది. నింద పక్కనున్న దాని మీద పడుతుంది.

రెండోది, మొక్కలతో వచ్చిన పరాయి గుడ్లు. మన చెరువుల్లో, వరిమళ్లలో ఉండే ఇండోప్లానార్బిస్ నత్త కూడా చుట్ట గుల్లదే, గోధుమరంగుదే. దాని పిల్లల్ని మీ నీలం సంతానంగా లెక్కేస్తే ఏ లెక్కా తేలదు.

అరుదుగా మూడోది. ఒకచోటి నీలంలో ఒక జన్యువు, ఇంకోచోటి నీలంలో వేరే జన్యువు పాడై ఉండొచ్చు. ఒక ఇంట్లో అగ్గిపెట్టె లేదు, పక్కింట్లో కట్టెల్లేవు. రెండిళ్లూ కలిస్తే పొయ్యి వెలుగుతుంది. పిల్లలన్నీ గోధుమే. రెండు జన్యువులూ వేర్వేరుగా సంక్రమిస్తే ఆ పై తరంలో గోధుమ, నీలం 9:7 దగ్గర పడతాయి.

చెరువుగట్టు:
ఇంత చర్చ దేనికండీ, ముదురు రంగే ఎప్పుడూ బహిర్గతం, అంటే ఒక వైపు నుంచి వచ్చినా పైకి కనబడేది.

బఠాణీచేను:
ఆ సూత్రాన్ని అన్ని నత్తలకూ పులమకండి. యూరప్ నేల నత్త సెపియా నెమొరాలిస్‌లో గోధుమ గులాబీని, గులాబీ పసుపును అణుస్తాయి, అక్కడిదాకా మీ మాటే. కానీ నల్ల చారలున్న గుల్ల అంతర్గతం, చారల్లేనిది బహిర్గతం. రామ్స్‌హార్న్‌కు దగ్గరి చుట్టం బయోంఫలేరియాలో 1954లో న్యూటన్ (ఆపిల్ న్యూటన్ కాదు) నలుపు బహిర్గతం, అల్బినో అంతర్గతం అని చూపించాడు. అదీ ఒంటి రంగు గురించే. నీలి గుల్లను విడిగా పరీక్షించాల్సిందే.

తూనికరాయి:
పరీక్ష ఇదీ. పిల్ల 2–3 మిల్లీమీటర్లు ఉన్నప్పుడే, అంటే ఇంకా జతకట్టని వయసులో, ఒక్కొక్కదాన్ని లీటరు సీసాలో వేరు చేయాలి. 25–28 డిగ్రీల వేడి, వారానికోసారి సగం నీళ్లు మార్పు, గోరంత ఉడికించిన పాలకూర, మిగిలింది మర్నాడు తీసేయాలి. క్యాల్షియానికి ఆయుర్వేద దుకాణంలో దొరికే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క. రాగి ఉన్న చేపల మందు తగిలితే నత్త బతకదు, సీసా కొత్తదైతే మేలు.

జోడీ లేకపోయినా రామ్స్‌హార్న్ తనంతట తానే ఫలదీకరించుకుని గుడ్లు పెట్టగలదు, కాకపోతే ఆలస్యం కావచ్చు. ఒక్కో జిగురు ముద్దలో పది ఇరవై గుడ్లు, వారం పది రోజుల్లో పిల్లలు. అప్పుడే రంగు రాసేయకండి. పసిగుల్లలన్నీ పారదర్శకమే, కనీసం 5 మిల్లీమీటర్లు రావాలి. చాలా లెక్కలు చెడేది ఇక్కడే.

ఒంటరి నీలానికి అన్నీ నీలమే పుడితే అది నిఖార్సైన వరస. ఒంటరి గోధుమలో నీలం దాగి ఉంటే గోధుమ, నీలం 3:1 రావాలి. అన్నీ గోధుమే వస్తే ఎన్ని పిల్లల్ని చూశారన్నది ముఖ్యం: 11 చూస్తే పొరపాటుకు ఇంకా 4 శాతం అవకాశం, 17 చూస్తే ఒక శాతం లోపు. అయిదారు పిల్లల్ని చూసి తీర్పు చెప్పకండి.

బోరునీళ్లు:
సరే, వర్ణకం జన్యువుదే అనుకుందాం. కానీ గట్టి నీళ్లలో గుల్ల మందమై నీలం మసకబారడం అబద్ధమా?

తూనికరాయి:
నిజమే కావచ్చు, దానికీ పరీక్ష ఉంది. నిఖార్సైన వరస నుంచి ఒకే జిగురు ముద్దను బ్లేడుతో రెండు చేయండి. సగం జీహెచ్ (నీళ్ల గట్టిదనం కొలత) 15 ఉన్న బోరు నీళ్లలో, సగం ఆర్‌ఓ కలిపి 5కి దించిన నీళ్లలో. తిండి, వేడి, పిల్లల సంఖ్య సమానం. గుంపు ఎక్కువైతే గుల్ల చిన్నదవుతుంది, అది నీళ్ల ఖాతాలో పడుతుంది. మీ మాట నిజమైతే ఒకచోట మెరుపు నీలం, ఒకచోట మసక నీలం. రెండింటిలో ఎక్కడా గోధుమ మాత్రం రాకూడదు.

గాజుతొట్టి:
వద్దనుకున్న గోధుమ పిల్లల సంగతి?

బఠాణీచేను:
చెరువులోకి, కాలువలోకి వదలొద్దు. నత్తల్ని తినే లోచ్ చేపలున్న ట్యాంకులో వేయండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టి చెత్తలో పారేయండి. మొక్కలతో వచ్చిన ఇండోప్లానార్బిస్ అయితే మరీ జాగ్రత్త, పశువులకు గురక జబ్బు తెచ్చే షిస్టోసోమా అనే పరాన్నజీవికి ఆశ్రయమిచ్చేది అదే.