కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా: 2011 జనాభాను ఇప్పటి మండలాలకు, పంచాయతీలకు సర్దడం ఎలా?

ప్రశ్న (గోండ్వానా_పటం):
ఆసిఫాబాద్ జిల్లాలో పోషణ సర్వే కోసం పంచాయతీల వారీ జనాభా పట్టిక తయారు చేస్తున్నాం. 2011 సెన్సస్ ఫైల్లో ఈ జిల్లా పేరే లేదు. పాత ఆదిలాబాద్ ఫైల్ తీసుకుని ఊళ్లన్నీ కూడితే జనాభా నాలుగైదింతలు వస్తోంది. లింగాపూర్, పెంచికల్‌పేట్, చింతలమానేపల్లి మండలాలు ఎక్కడా కనిపించడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (మౌజా_లెక్క):
ముందు కూడిక సంగతి. ఆ ఫైల్లో జిల్లా, మండలం, పట్టణం, ఊరు అన్నీ ఒకే పట్టికలో కింద కింద ఉంటాయి. జిల్లాకు, మండలానికి మళ్లీ మొత్తం, గ్రామీణ, పట్టణ అని వేర్వేరు వరుసలు. కాలమ్ మొత్తం కూడితే ఒకే మనిషి నాలుగైదు చోట్ల లెక్కకొస్తాడు. ‘లెవెల్’ కాలమ్‌లో విలేజ్, టౌన్ వరుసలు మాత్రమే ఉంచి కూడండి. ఉమ్మడి జిల్లాకు 27,41,239 రావాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ముందుకు పోవద్దు.

తర్వాత, 2016 అక్టోబరు 11న ఆ జిల్లా నాలుగైంది. 2011 లెక్కల ప్రకారం ఆదిలాబాద్ 7,08,972, ఆసిఫాబాద్ 5,15,812, నిర్మల్ 7,09,418, మంచిర్యాల 8,07,037. నాలుగూ కలిపితే సరిగ్గా పాత మొత్తమే వస్తుంది. మీ ఊళ్ల పట్టీ 5,15,812 దగ్గర ఆగిందంటే విభజన సరిగ్గా చేసినట్టే.

ఉమ్మడి జిల్లాలో 52 ఉన్న మండలాలు ఆ రోజుతో 70 అయ్యాయి. ఆసిఫాబాద్ వాటా 15. మీకు కనిపించని మూడూ అప్పుడు పుట్టినవే, అందుకే 2011 ఫైల్లో లేవు. లింగాపూర్ ఊళ్లు సిర్పూర్ (యు) కింద, చింతలమానేపల్లి ఊళ్లు కౌటాల కింద ఉంటాయి. పెంచికల్‌పేట్ కోసం బెజ్జూర్‌తో మొదలుపెట్టండి, కానీ కొత్త మండలానికి ఊళ్లన్నీ ఒకే పాత మండలం నుంచి వచ్చాయనుకోవద్దు. 2016 గెజిట్‌లో మండలానికి ఎదురుగా రెవెన్యూ గ్రామాల జాబితా ఉంది. దాన్ని ఆరంకెల సెన్సస్ గ్రామ కోడ్‌తో జోడించండి. పేరుతో జోడిస్తే తప్పు వస్తుంది: రెండు సిర్పూర్‌లూ ఇదే జిల్లాలో ఉన్నాయి, (యు) ఉట్నూర్ వైపుది, (టి) కాగజ్‌నగర్ డివిజన్‌ది. బ్రాకెట్ తీసేసి జోడించే సాఫ్ట్‌వేర్ రెంటినీ కలిపేస్తుంది.

జనాభా సున్నా ఉన్న వరుసలు చూసి తీసేయకండి. అవి బేచిరాక్ గ్రామాలు. మనుషులు లేకపోయినా రికార్డులో ఊరు ఉంటుంది, విస్తీర్ణం లెక్కకు కావాలి.

జవాబు (పంచాయతీ_రికార్డు):
అసలు చిక్కు పంచాయతీ దగ్గర. సెన్సస్ లెక్క రెవెన్యూ గ్రామానిది, పంచాయతీది కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు విడిగా పంచాయతీలయ్యాయి. ఒక మౌజాలో (రెవెన్యూ గ్రామంలో) మూడు పంచాయతీలు ఉండొచ్చు. ఆ మూడింటికీ విడివిడిగా 2011 అంకె సెన్సస్ వెబ్‌సైట్‌లో దొరకదు. జనాభాను మూడు సమాన భాగాలు చేయడం మాత్రం పెద్ద తప్పు. తిర్యాణి, కెరమెరి వైపు ఒకే మౌజాలో పెద్ద ఊరు, ముప్పై ఇళ్ల కొలాం గిరిజనుల గూడెం పక్కపక్కనే ఉంటాయి. సమానంగా పంచితే గూడేనికి లేని జనాభా వచ్చి, సర్వేలో దాని శాతాలన్నీ తలకిందులవుతాయి. వార్డుల విభజనకు ఎంపీడీవో కార్యాలయంలో వాడిన జనాభా పట్టిక అడిగి తెచ్చుకోండి. ఏ పంచాయతీ కింద ఏ ఆవాసాలున్నాయో చట్టం 8వ షెడ్యూల్, దాని సవరణలు చూసి నిర్ధారించుకోండి.

2016 నుంచి 2019 దాకా ఇంకో తేడా ఉంది. కొత్త మండలాల్లో తహసీల్దార్లు వచ్చారు గానీ మండల పరిషత్‌లు పాతవే. 2019 ఎన్నికలతోనే రెండూ కలిశాయి. ఆ మధ్య కాలపు ఉపాధి హామీ, పింఛన్ నివేదికల్లో ‘మండలం’ అంటే పాతదో కొత్తదో చూసి వాడండి.

ప్రశ్న (గోండ్వానా_పటం):
చాలా ఉపయోగపడింది. పంచాయతీ లెక్క దొరకని చోట ఓటర్ల జాబితా వాడొచ్చా? ఎస్టీ జనాభా కూడా చూపాలి.

జవాబు (మౌజా_లెక్క):
వద్దండి. పిల్లలు అందులో ఉండరు, మీ సర్వేయేమో పిల్లల కోసమే. పైగా కెరమెరి మండలంలో మహారాష్ట్రతో వివాదమున్న సరిహద్దు ఊళ్లలో, పరందోళి వైపు, జనానికి రెండు రాష్ట్రాల్లోనూ ఓట్లున్నాయి. నియోజకవర్గం గీత కూడా జిల్లా గీత కాదు: నార్నూర్ మండలం ఆదిలాబాద్ జిల్లాది, ఓటు మాత్రం ఆసిఫాబాద్ నియోజకవర్గంలో.

ఎస్టీ అంకె అదే సెన్సస్ ఫైల్లో ఊరి వారీగా ఉంది. కాకపోతే గోండులు, కొలాంలు, ప్రధాన్లు, తోటీలు, లంబాడాలు అందరూ ఒకే అంకెలో ఉంటారు. కొలాం, తోటి పీవీటీజీలు, అంటే గిరిజనుల్లోనూ మరీ వెనకబడినవిగా ప్రభుత్వం గుర్తించిన తెగలు. పోషణ సర్వేలో వాళ్లను వేరుగా చూపకపోతే అందరికన్నా వెనకబడినవాళ్లు సగటులో మాయమవుతారు. గూడేల వారీ జాబితా కోసం ఉట్నూర్ ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థలో) అడగండి.

షెడ్యూల్డ్ ప్రాంతం (ఏజెన్సీ) కాలమ్ పెడితే ఊరి వారీగానే పెట్టండి. ఆ ప్రాంతాన్ని ప్రకటించిన 1950 ఉత్తర్వులో ఉన్నది గ్రామాల పేర్లు. ఆ తర్వాత పుట్టిన మండలం మొత్తానికి ‘ఏజెన్సీ’ అని రాస్తే కొన్ని ఊళ్లు తప్పుగా లోపలికొస్తాయి, కొన్ని బయటికి పోతాయి.

జవాబు (పంచాయతీ_రికార్డు):
ప్రతి వరుసకూ గ్రామ కోడ్, 2011 మండలం, ఇప్పటి మండలం అని మూడు కాలమ్‌లు అలాగే ఉంచండి. రాబోయే జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. పాత మండలం కాలమ్ తీసేస్తే ఆ అంకెలొచ్చాక పోల్చడానికి ఈ జోడింపంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.