విమానాల ఫొటోలను వెబ్‌సైటు కోసం తగ్గించినప్పుడు అంచులు ఎందుకు చెడిపోతున్నాయి?

గుండ్లకమ్మ (ఒంగోలు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. అద్దంకి దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద, విమానాలు అత్యవసరంగా దిగడానికి వీలుగా కట్టిన 4.1 కిలోమీటర్ల కాంక్రీటు రన్‌వేపై 2024 మార్చి 18న వాయుసేన విన్యాసాలు చేసినప్పుడు, నేను అక్కడికి వెళ్లి, జనాన్ని ఉండనిచ్చిన చోటి నుంచి ఫొటోలు తీశాను. ఏఎన్-32, డోర్నియర్ విమానాలు రోడ్డు మీద దిగాయి. సుఖోయ్-30, హాక్ విమానాలు దిగబోతున్నట్టు కిందికి వచ్చి, నేలను తాకకుండానే పైకి లేచాయి. ఫొటోలన్నీ 6000×4000 పిక్సెళ్లవి, ఒక్కొక్కటి పది ఎంబీ దాకా ఉంది. విమానాల ఫొటోలు ప్రచురించే ఒక వెబ్‌సైటుకు పంపాలంటే వాటిని 1600 పిక్సెళ్ల వెడల్పుకు, ఒక ఎంబీ లోపుకు తీసుకురావాలి.

తగ్గించిన తరువాత ఏఎన్-32 రెక్క అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తోంది, రెక్కను ఆనుకుని ఆకాశంలో తెల్లటి గీత ఒకటి వస్తోంది, విమానం పక్కనున్న వాయుసేన గుర్తులో కాషాయం రంగు వలయం దాటి పాకినట్టుంది. అసలు ఫైలులో ఇవేవీ లేవు. మా ఊళ్లో ఫొటోలు ప్రింటు వేసే షాపతను ఒకేసారి తగ్గించకుండా పదేసి శాతం చొప్పున తగ్గించుకుంటూ రమ్మన్నారు, అలా చేస్తే ఇంకా మసకబారింది. షార్పెన్ చేసి, అంటే అంచులకు పదును పెట్టి తగ్గించాలా, తగ్గించాక షార్పెన్ చేయాలా? నా కంప్యూటర్‌లో ఫొటోలు సవరించడానికి గింప్, ఇర్ఫాన్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్లు మాత్రమే ఉన్నాయి.

పినాకిని తీరం (నెల్లూరు)

గుండ్లకమ్మ గారూ, మీరు చెప్పిన లోపాలు ఒకే కారణంతో వచ్చినవి కావు కనుక దేనికదే చూడాలి. 6000×4000 అంటే రెండు కోట్ల నలభై లక్షల పిక్సెళ్లు. 1600×1067 అంటే దాదాపు పదిహేడు లక్షలు. అంటే అసలు ఫొటోలో పద్నాలుగు పిక్సెళ్లు చెప్పే సంగతిని కొత్త ఫొటోలో ఒక్క పిక్సెలే చెప్పాలి. ఆ పద్నాలుగింటినీ సరైన పాళ్లలో కలిపితే రెక్క అంచు నునుపుగా వస్తుంది. ఒకదాన్ని ఏరుకుని మిగతావాటిని వదిలేస్తే మెట్లు పడతాయి. గింప్‌లో 'స్కేల్ ఇమేజ్' తెరిచినప్పుడు ఇంటర్‌పొలేషన్ (పిక్సెళ్లను కలిపే పద్ధతి) దగ్గర 'నన్' అని ఉంటే జరిగేది ఇదే. అక్కడ 'క్యూబిక్' గానీ 'నోహేలో' గానీ పెట్టండి. ఇర్ఫాన్‌వ్యూ వాడితే 'రీసైజ్' బదులు 'రీశాంపుల్' ఎంచుకుని, ఫిల్టర్లలో 'లాంజోస్' పెట్టండి. పదేసి శాతం తగ్గించడం ఎప్పటి నుంచో వినిపించే సలహాయే గానీ, తగ్గించిన ప్రతిసారీ పక్కపక్క పిక్సెళ్లు మళ్లీ కలుస్తాయి కాబట్టి మసక పోగవుతూ వస్తుంది. ఒక్కసారే తగ్గించండి.

తెల్లటి గీత షార్పెనింగ్ వల్ల వచ్చింది. షార్పెనింగ్ లేని వివరాన్ని పుట్టించదు. ముదురు రంగూ లేత రంగూ కలిసే చోట ముదురును మరింత ముదురుగా, లేతను మరింత లేతగా మారుస్తుంది. బూడిదరంగు రెక్క వెనుక శుభ్రమైన ఆకాశం ఉంటుంది కనుక, కొంచెం మోతాదు మించినా విమానాల ఫొటోలో అది వెంటనే బయటపడుతుంది. అందుచేత కత్తిరింపు, రంగుల సవరణ, తగ్గింపు అన్నీ పూర్తయ్యాక, చివరి కొలతలోనే షార్పెన్ చేయాలి. గింప్‌లో 'అన్‌షార్ప్ మాస్క్' తెరవగానే కనిపించే రేడియస్ (అంచు చుట్టూ ఎంత దూరం మార్చాలన్నది) 3 ఇంత చిన్న ఫొటోకు చాలా ఎక్కువ. 0.5 దగ్గర మొదలుపెట్టి, ఫొటోను నూరు శాతం సైజులో చూస్తూ అమౌంట్ (పదును మోతాదు) కొద్దికొద్దిగా పెంచండి. గీత కనిపించగానే వెనక్కి తగ్గండి.

కాషాయం పాకడం ఫొటో ఫైలును కుదించే జేపెగ్ పద్ధతి వల్ల. మన కన్ను వెలుగునీడల తేడాను గుర్తుపట్టినంత సూక్ష్మంగా రంగుల తేడాను గుర్తుపట్టలేదు. దాన్ని ఆసరా చేసుకుని 4:2:0 అనే పద్ధతిలో వెలుగు సమాచారాన్ని పూర్తి కొలతలోనూ, రంగు సమాచారాన్ని సగం వెడల్పు, సగం ఎత్తులోనూ ఉంచుతారు. చెట్లూ చేమలూ ఉన్న ఫొటోలో ఇది ఎవరికీ తెలియదు. కానీ వాయుసేన గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ ఉంటాయి. తగ్గించిన ఫొటోలో ఒక్కో వలయానికి మిగిలేవి కొద్ది పిక్సెళ్లే కాబట్టి రంగు పక్కదానిలోకి చేరిపోతుంది. రంగు సమాచారాన్ని ఇలా తగ్గించడాన్ని క్రోమా సబ్‌శాంప్లింగ్ అంటారు. గింప్‌లో ఎగుమతి చేసేటప్పుడు సబ్‌శాంప్లింగ్‌ను 4:4:4కు, అంటే రంగునూ పూర్తి కొలతలో ఉంచేలా మార్చండి. ఇర్ఫాన్‌వ్యూ సేవ్ కిటికీలోనూ క్రోమా సబ్‌శాంప్లింగ్‌ను ఆపే గడి ఉంది. ఫైలు కాస్త బరువెక్కుతుంది. అయినా క్వాలిటీ 90 పెట్టి చూడండి, ఒక ఎంబీ దాటితేనే 85కు దించండి. పని జరుగుతున్నంతసేపు గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలుగానే సేవ్ చేసుకోండి. జేపెగ్‌ను తెరిచి మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ 8×8 పిక్సెళ్ల గళ్లలో మళ్లీ కొంత వివరం పోతుంది.

కందుకూరు స్టూడియో

పినాకిని గారు చెప్పిన క్రమమే సరైనది. అయితే షార్పెనింగ్‌ను ఫొటో అంతటికీ వేయడానికి నేను ఒప్పుకోను. ఆకాశంలో పదును పెట్టవలసిన వివరం ఏదీ ఉండదు, ఉండేది నాయిస్ (కెమెరా వల్ల వచ్చే సన్నని చుక్కల గరుకు) ఒక్కటే. దానికి పదును పెడితే ఆకాశం ఇసుక చల్లినట్టు అవుతుంది, ఆ గరుకుదనమంతా జేపెగ్‌లో చోటు తినేస్తుంది. లేయర్‌కు (గింప్‌లో ఫొటో ఉన్న పొరకు) నకలు తీసి, నకలును షార్పెన్ చేసి, అక్కర్లేని భాగాన్ని కప్పేసే మాస్క్‌తో దాన్ని విమానం వరకే ఉంచండి. అలాగని ఆకాశాన్ని మరీ నునుపు చేసినా నీలంలో చారలు పడతాయి కనుక, నాయిస్‌ను తగ్గించండి గానీ పూర్తిగా తుడిచేయకండి.

కెమెరాలో కలర్ స్పేస్ (రంగులను అంకెల్లో రాసే పద్ధతి) అడోబ్ ఆర్‌జీబీ అని ఉంటే ఎగుమతికి ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి, లేకపోతే కొన్ని తెరల మీద రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. 72 డీపీఐ, 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) అనే అంకెలు ప్రింటుకు సంబంధించినవి, తెర మీద పిక్సెళ్ల లెక్క ఒక్కటే లెక్క. ఫైళ్లు ఎవరికైనా చూపించాలంటే వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే అది తనంతట తాను మళ్లీ కుదిస్తుంది.

గుండ్లకమ్మ (ఒంగోలు)

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంటర్‌పొలేషన్ మార్చగానే మెట్లు పోయాయి, 4:4:4తో గుర్తులోని వలయాలు విడివిడిగా వచ్చాయి. ఇంకొక్క సందేహం. ఎండ ముదిరాక తీసిన డోర్నియర్ ఫొటోలో చక్రాలూ కిటికీలూ కరిగిపోతున్నట్టు అలలుగా ఉన్నాయి. దాన్ని కత్తిరిస్తే 1400 పిక్సెళ్లే మిగులుతోంది. 1600కు పెంచి పంపవచ్చా?

పినాకిని తీరం (నెల్లూరు)

పెంచకండి. లేని పిక్సెళ్లను సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, వెబ్‌సైటులో ఫొటోలను తనిఖీ చేసేవారికి ఆ మెత్తదనం ఇట్టే తెలిసిపోతుంది. ఆ అలలు కాంక్రీటు మీది వేడిగాలివి. వేడి గాలీ చల్లటి గాలీ కలిసే చోట వెలుతురు వంగి, వంకరలు కెమెరాలోకి రాకముందే పడిపోయాయి కాబట్టి ఏ షార్పెనింగూ వాటిని సరిచేయలేదు. పైగా అలల అంచులను ఎత్తి చూపుతుంది. అదే రోజు పొద్దున తీసినవి గానీ, విమానం నేలకు బాగా ఎత్తులో ఉండగా తీసినవి గానీ ఉంటే వాటిని పంపండి. ఈ డోర్నియర్ ఫొటోను కత్తిరించకుండా, రన్‌వే, పక్క పొలాలు, జనం అన్నీ కనిపించేలా మొత్తం ఫ్రేమును 1600కు తగ్గించి చూడండి. విమానం చిన్నదవుతుంది కనుక అలలు చాలావరకు కనబడవు, జాతీయ రహదారి మీద విమానం దిగిందన్న సంగతి కూడా ఆ ఫ్రేములోనే బాగా తెలుస్తుంది.