మున్సిపల్ పార్కులో మూతబడిన ఈత కొలను: పూడ్చాలా, తెరవాలా?

కరువుసీమ:
అనంతపురం జిల్లా, చిన్న మున్సిపాలిటీ. పార్కులో మూతబడిన ఈత కొలను మీద రెండు ప్రతిపాదనలు నలుగుతున్నాయి. పూడ్చేసి షాపులు కట్టడం ఒకటి, బాగుచేసి తెరవడం ఇంకోటి. పూడ్చేయమనే నా మాట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా ఇది. కొలను 25 మీటర్ల పొడవు, 12.5 వెడల్పు, సగటు లోతు 1.4. నింపడానికే 4.37 లక్షల లీటర్లు కావాల. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 3,200 మందికి ఒకరోజు నీళ్లవి. కుళాయి దగ్గర బిందెలు వరసబెట్టే ఊళ్లో దీన్ని ఎట్ల సమర్థిస్తారు?

నీటిలెక్క:
అది ఒక్కసారి నింపే నీళ్లు అన్నా, రోజూ పోసేవి కావు. ఫిల్టరు సరిగ్గా నడిస్తే అవే నీళ్లు నెలల తరబడి తిరుగుతాయి. రోజూ పోయేది ఆవిరి. మే నెల ఎండకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు వేసుకుంటే 2,500–3,100 లీటర్లు. ఇసుక ఫిల్టరులోకి నీళ్లు వెనక్కి తిప్పి కడగడానికి (బ్యాక్‌వాష్) వారానికి ఇంకో 8 వేల లీటర్లు. అదే పార్కులో ఎకరం పచ్చిక ఉంటే, చదరపు మీటరుకు 5 లీటర్లు వేసుకున్నా వేసవిలో రోజుకు 20 వేల లీటర్లు తాగుతుంది. ఆ పచ్చిక సంగతి ఎవరూ అడగరు! బ్యాక్‌వాష్ నీళ్లను తొట్టిలో ఎండకు నిలవబెడితే క్లోరిన్ తగ్గిపోతుంది, చెట్లకు పెట్టుకోవచ్చు.

పాతబావి:
లీటర్లతోనే తేల్చొద్దండి. సీమలో పిల్లలు ఈత నేర్చింది దిగుడు బావుల్లో, కపిల బావుల్లో. నడుముకు బెండ్లు కట్టి దించేవాళ్లు. బోర్లు వచ్చి నీటిమట్టం దిగిపోయినాక ఆ బావులు ఎండాయి, చాలావాటిని పూడ్చేశారు. ఇప్పుడు పిల్లలు దిగేది చెరువు గుంతల్లో, కాలువల్లో. సిమెంటు లైనింగు ఉన్న కాలువ వాలు పాచిపట్టి జారుతుంది. ఈత వచ్చినవాడు కూడా గట్టెక్కలేడు. నేర్పే చోటు ఊళ్లో ఒక్కటైనా ఉండొద్దా?

షాపుల మాటకొస్తే, పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరైనా కోర్టుకు పోతే మొదట ముందుకొచ్చేది ఆ తీర్పే.

ఫిల్టరుగది:
కొలనును మూతబెట్టేది నీటి కొరత కంటే ఫిల్టరు గదే. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. రోజూ బ్లీచింగ్ పౌడర్ వేస్తే అది ఇంకా పెరుగుతుంది, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 8 దాటుతుంది. ఇసుక గడ్డకడుతుంది. గడ్డల సందుల్లోంచి నీళ్లు వడపోత లేకుండానే దూరిపోతాయి. పీహెచ్ ఎక్కితే క్లోరిన్ ఉన్నా సరిగా పనిచెయ్యదు, పాచి మొదలవుతుంది. అప్పుడు ఇంకో బస్తా బ్లీచింగ్ గుమ్మరిస్తారు. మళ్లీ మొదటికొస్తుంది.

పౌడర్ మానేసి ద్రవ హైపో (సోడియం హైపోక్లోరైట్) వాడాల. క్లోరిన్ లీటరుకు 1–3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2–7.6 మధ్య. పీహెచ్ దించడానికి పలచన హైడ్రోక్లోరిక్ యాసిడ్ చాలు. యాసిడ్, హైపో ఒకే బకెట్లో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఎండలో క్లోరిన్ గంటల్లోనే ఎగిరిపోతుంది. సయనూరిక్ యాసిడ్ లీటరుకు 30–50 మిల్లీగ్రాములు ఉంటే నిలుస్తుంది. నీళ్లన్నీ ఆరు గంటలకోసారి ఫిల్టరు గుండా తిరగాలంటే గంటకు 73 వేల లీటర్లు తోడాల, అంటే 7.5 హెచ్‌పీ మోటారు.

ఇంకోటి. అడుగున నీళ్లు లాగే జాలీ విరిగి ఉంటే ఒక్క మనిషిని కూడా దించొద్దు. ఆ గుంజుడుకు పిల్లల జుట్టో చెయ్యో ఇరుక్కుంటే పైకి రాలేరు. గట్టు మీద నిలబడి చూస్తే లోతువైపు జాలీ కనబడాల. కనబడకపోతే ఆరోజు గేటు తీయొద్దు.

కరువుసీమ:
నీళ్ల లెక్క పక్కనబెడదాం. ఇవన్నీ రోజూ చూసేదెవరు? ఆ మోటారు పది గంటలు తిరిగితే 60 యూనిట్ల కరెంటు. షిఫ్టుకు ఇద్దరు లైఫ్‌గార్డులన్నా కావాల. కాంట్రాక్టు ఆపరేటరుకు మూణ్నెల్లు జీతం ఆగితే మొదట ఆగిపోయేది పీహెచ్ చూడటమే. రెండేళ్లు నడిపి పచ్చనీళ్లతో వదిలేసేకంటే పూడ్చడమే పిల్లలకు క్షేమం.

సివిల్‌పని:
జీతం మాట నిజం. కానీ పూడ్చడం సులభమనుకోవద్దండి. అడుగు స్లాబుకు బెజ్జాలు కొట్టకుండా మట్టిపోస్తే వాననీళ్లు తొట్టిలోనే నిలిచి, పైనేల కుంగుతుంది. 20–25 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, రోలరు తిప్పాల. అణిగేది కలుపుకుంటే 550 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. దాని మీద షాపు లేపాలంటే పునాదులు ఆ మట్టిని దాటి కిందికి పోవాల.

ఏది తేల్చాలన్నా ముందు లీకు చూడండి. పైపుల రెండు కొసలూ మూసి, చదరపు సెంటీమీటరుకు 2 కిలోల ఒత్తిడి ఎక్కించి, అది దిగుతుందేమో గంటసేపు మీటరు చూడాల. తొట్టికైతే నీళ్లు పెట్టి, రాయి వేసిన బకెట్‌ను మెట్టు మీద పెట్టండి. బకెట్లోపలా బయటా నీటిమట్టం సమానంగా ఉంచి గీతలు గీయండి. 24 గంటల తర్వాత రెండూ సమానంగా దిగితే అది ఆవిరి. బయట 3 మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే రోజుకు 940 లీటర్లు మట్టిలోకి పోతున్నట్టు. నల్లరేగడి నేలైతే పగుళ్లను ఉత్త సిమెంటుతో పూడ్చొద్దు. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది, పగుళ్లు అదే చోట మళ్లీ తెరుచుకుంటాయి. సాగే సీలెంట్ వాడాల.

కరువుసీమ:
పరీక్షకు బోరు నీళ్లు వాడితే నాకు అభ్యంతరం లేదు, తాగునీటి లైను ముట్టొద్దు. లీకు లేదని తేలినా ఆపరేటరు, లైఫ్‌గార్డుల జీతాలు ఏ పద్దులోంచి వస్తాయో కౌన్సిల్ తీర్మానంలో రాసి ఉంటేనే తెరవనిస్తాను. టికెట్ డబ్బులతో నడిపిస్తామంటే ఒప్పుకోను.